రంగమ్మ, అచ్చమ్మల దావా

ఉదయం పదిన్నర. నందిగామ కోర్టు వరండాలో నిలబడి ఉన్నారు మీరు. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఒక పేరు మూడుసార్లు పిలుస్తాడు. చెట్టు కింద కూర్చున్న పెద్దాయన కండువా సర్దుకుంటూ గబగబా మెట్లెక్కుతాడు. గట్టు తగాదా. రెండు నిమిషాల్లో బయటికొస్తాడు. "వాయిదా పడింది బాబాయ్, వచ్చే నెల రావాల" అంటాడు ప్లీడరు గుమాస్తా. పెద్దాయన చేతిసంచిలోంచి ఒక పాత దస్తావేజు తీసి, అది పదిలంగా ఉందో లేదో చూసుకుని మళ్లీ లోపల పెడతాడు. మడతల దగ్గర కాగితం చిరిగి ఉంది. ఆ కాగితాన్ని గుర్తుంచుకోండి.

పక్కనే వకీలు గారి గది. బీరువాలో మేన్ రాసిన హిందూ ధర్మశాస్త్ర గ్రంథం ఉంది. 1878లో మొదటిసారి వెలువడి, ఎన్నో కూర్పులు చూసిన పుస్తకం. దత్తత అధ్యాయం తీయండి. అడుగున సన్నటి అక్షరాల్లో ఇద్దరు ఆడవాళ్ల పేర్లు కనిపిస్తాయి: రంగమ్మ, అచ్చమ్మ. ఇంగ్లీషు రిపోర్టులో 'రుంగామ', 'అచ్చామ' అని అచ్చయ్యాయి గానీ, చదవగానే మన ఇళ్లల్లో పేర్లని తెలిసిపోతుంది. మూర్ ఇండియన్ అప్పీల్స్ నాలుగో సంపుటం, ఒకటో పేజీ, 1846. లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన తీర్పు. దత్తపుత్రుడు బతికుండగా మరో కొడుకుని దత్తత తీసుకుంటే చెల్లదన్నది దాని సారం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పదకొండో సెక్షన్‌లో ఇప్పటికీ ఆ నియమం ఉంది.

ఆ దావా ఎక్కడిదో చూడాలంటే బస్సెక్కండి. అరవై అయిదో నంబరు జాతీయ రహదారి. కిటికీకి ఇరుపక్కలా నల్లరేగడి, పత్తి, మిరప. చిల్లకల్లు దగ్గర మలుపు తిరిగితే కాసేపట్లో జగ్గయ్యపేట. పూర్వం ఇది బేతవోలు. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ పేట కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టారు. తండ్రి పేరును ఊరుగా నిలబెట్టిన ఆ మనిషికి కడుపున పుట్టిన కొడుకు లేడు. ముందు జగన్నాథబాబును, తర్వాత రామనాథబాబును దత్తత తీసుకున్నారు. 1816లో ఆయన కన్నుమూశారు. రెండో దత్తత చెల్లుతుందా అన్న తగాదా కోర్టులకెక్కి, రంగమ్మ, అచ్చమ్మల దావాగా లండన్‌లో తేలేసరికి ముప్పై ఏళ్లు.

బజారులో నడుస్తూ ఆలోచించండి. మనం ఇన్నాళ్లూ చట్టచరిత్ర అంటే తీర్పులో చివరి పేరా అనుకున్నాం. ఎవరు గెలిచారు, ఏ సూత్రం నిలిచింది, అంతే. ఇప్పటి పరిశోధకులు ఆ పేరా దాకా కాగితం నడిచిన దారి వెతుకుతున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కచేరీల్లో రాయసగాళ్లు, అర్జీలు, సంతకాలు, ఫోర్జరీల మీద భవానీ రామన్ 2012లో 'డాక్యుమెంట్ రాజ్' అనే పుస్తకం రాశారు. ఆ చూపుతో మన దావాను చదివితే ప్రశ్నలే మారిపోతాయి. శాస్త్రం ఏమంటుందో చెప్పమని కోర్టులు పండితుల్ని అడిగే రోజులవి. 1864 దాకా ఆ ఏర్పాటు సాగింది. పండితుడి సంస్కృతం, గుమాస్తా తెలుగు, దొర ఇంగ్లీషు. ఇన్ని భాషలు దాటేసరికి రంగమ్మ చెప్పిందెంత మిగిలింది? అచ్చమ్మ చెప్పిందెంత మిగిలింది? నా మటుకు నాకు తీర్పు కంటే ఈ ప్రశ్నే పెద్దది. అందులోనూ, పదమూడో శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయం'తో ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన భాష మనది.

ఊరి పక్కన గుట్ట మీదికి రండి. ధనంబోడు అంటారు. ఎండకు రాతిపలకలు కాలుతున్నాయి, కాస్త చూసి అడుగేయండి. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వించిన బౌద్ధ స్తూపం ఇది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టి, ప్రాకృతంలో దానశాసనం చెక్కించాడు. తన పేరొక్కటే చెక్కించుకోలేదు. తల్లి, భార్య, కొడుకు, కూతురు, సోదరుడు, అతని భార్య, అందరి పేర్లూ వరసగా రాయించాడు. దాన్ని పుణ్యంలో వాటా అనే చదువుతూ వచ్చాం. నాకు మాత్రం ఇంటిల్లిపాదీ ఒప్పుకుని ఇచ్చిన దానపత్రంలా కనిపిస్తుంది. పదిహేడు వందల ఏళ్ల కిందటి చేతిపనివాడు రాయించిన పత్రం కూడా చట్టచరిత్రే. అందులో ఆడవాళ్లు తమ పేర్లతోనే ఉన్నారు.

మధ్యాహ్నం దాటింది. కిందికి దిగేటప్పుడు పొద్దున చూసిన ఆ పెద్దాయన సంచి గుర్తొస్తుంది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ల అటకల మీద అలాంటి కాగితాలు ఉన్నాయి. ఇనాం పట్టాలు, భాగపరిష్కార పత్రాలు, దత్తత పత్రాలు, కొట్టేసిన దావాల నకళ్లు. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు అవి పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్తున్నాయి. మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే తూకానికి వేయకండి. ఒక్కొక్క కాగితాన్నీ ఫోటో తీసి, అది ఎవరిదో, ఏ ఊరిదో విడిగా రాసిపెట్టండి. చదవగలిగిన వాళ్లు వచ్చి అడిగితే చూపించండి.