అయోవాకు చేరిన రెండు ఉత్తరాలు

కలం స్నేహం వల్ల పిల్లలకు ఏమిటి లాభం అని అడిగితే పెద్దలు చెప్పే జవాబులు మనకు తెలిసినవే. దస్తూరీ కుదురుతుంది, భాష పట్టుబడుతుంది, పరాయి దేశాల సంగతులు తెలుస్తాయి, స్టాంపుల ఆల్బం నిండుతుంది. ఒకప్పుడు మన తెలుగు పత్రికల్లో పేరు, వయసు, అభిరుచులు, చిరునామా అచ్చువేసిన 'కలం స్నేహం' శీర్షికలు కూడా ఈ నమ్మకం మీదే నడిచాయి. ఇందులో ఏదీ అబద్ధం కాదు. అయితే వీటన్నిటికంటే పెద్ద లాభం మరొకటి ఉందని నా అభిప్రాయం. అదేమిటో చెప్పడానికి 1940లో జరిగిన ఒక చిన్న ఉత్తరాల ఉదంతాన్ని మించినది నాకు కనబడలేదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రపు ఆగ్నేయ మూలన డాన్విల్ అనే చిన్న ఊరుంది. అక్కడి బడిలో పనిచేసిన బర్డీ మాథ్యూస్ అనే ఉపాధ్యాయినికి, తన విద్యార్థులు దూరదేశాల పిల్లలతో ఉత్తరాలు నడపాలని కోరిక. నెదర్లాండ్స్ పిల్లల పేర్లున్న జాబితా ఒకటి సంపాదించి తరగతి ముందుంచారు. పదేళ్ళ జువానిటా వాగ్నర్ అందులోంచి తన యీడు పిల్ల పేరు ఒకటి ఎంచుకుంది. తన ఊరి గురించి, పొలం గురించి, తల్లి గురించి, అక్క బెట్టీ ఆన్ గురించి రాసి ఆంస్టర్‌డాంకు పంపింది. ఆమె ఎంచుకున్న పేరు అన్నే ఫ్రాంక్.

ఏప్రిల్ 29 తేదీతో అన్నే జవాబు రాసింది. ఆ పిల్లకూ అప్పటికి పదేళ్ళే. ఇంగ్లీషు ఇంకా రాదు కనుక, తన భాషలో రాసుకున్నదాన్ని తండ్రి ఒట్టో అనువదించి ఇస్తే చూసి రాసి ఉంటుందని ఈ ఉత్తరాలను పరిశీలించినవారు భావిస్తారు. అందులో ఉన్నవన్నీ పదేళ్ళ పిల్ల కబుర్లే. తన బడి పద్ధతి చెప్పింది, పుట్టినరోజు చెప్పి జువానిటా పుట్టినరోజు అడిగింది, తన దగ్గర దాదాపు 800 బొమ్మల కార్డులున్నాయని గొప్పగా రాసి, ఆంస్టర్‌డాం బొమ్మ ఉన్న కార్డొకటి జతచేసింది. పటం తీసి వెతికితే బర్లింగ్టన్ అన్న పేరు కనబడిందని కూడా రాసింది. బర్లింగ్టన్ డాన్విల్‌కు దగ్గరి పట్నం.

ఈ పటం మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. అంతకు ముందురోజు వరకు అన్నేకి అయోవా ఒక రంగు పూసిన గీతల గడి. ఇప్పుడు ఆ గడిలో తన యీడు పిల్ల ఒకతె ఉంది. భూగోళ పాఠం ఎన్నాళ్ళు చెప్పినా రాని మార్పు ఇది.

పద్నాలుగేళ్ళ బెట్టీ ఆన్‌కు అదే వయసున్న అన్నే అక్క మార్గొట్ వేరే ఉత్తరం రాసింది. అది కొంచెం పెద్దపిల్ల రాసిన ఉత్తరం. తాము తరచు రేడియో వింటున్నామనీ, జర్మనీతో సరిహద్దున్న చిన్న దేశం కావడం వల్ల నిశ్చింతగా ఉండలేకపోతున్నామనీ అందులో ఉంది. తాము యూదులమన్న మాట మాత్రం రెండు ఉత్తరాల్లోనూ లేదు.

అక్కచెల్లెళ్ళు వెంటనే జవాబులు రాశారు. కానీ 1940 మే 10న జర్మనీ సేనలు నెదర్లాండ్స్‌లో ప్రవేశించాయి. ఆంస్టర్‌డాం నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. ఆ దాడి వార్త అయోవాలో అందరికీ అందే ఉంటుంది. వాగ్నర్ అక్కచెల్లెళ్ళకు మాత్రం ఆ దేశంలో తమకు తెలిసిన ఇల్లొకటి ఉంది, అందులో తమ జవాబు కోసం ఎదురుచూసే ఇద్దరు పిల్లలున్నారు.

యుద్ధం ముగిశాక బెట్టీ ఆన్ ఆ పాత చిరునామాకే మళ్ళీ రాసింది. ఈసారి ఒట్టో ఫ్రాంక్ జవాబిచ్చారు. కుటుంబం అజ్ఞాతంలో గడిపిన సంగతి, అన్నే మరణం అందులో రాశారు. 1942 జులైలో దాక్కున్న ఆ కుటుంబం 1944 ఆగస్టు 4న పట్టుబడింది. అన్నే, మార్గొట్ ఇద్దరూ 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో మరణించారు. తమ కలం స్నేహితులు యూదులని అక్కచెల్లెళ్ళకు ఆ ఉత్తరంతోనే తెలిసింది. అప్పటికి ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న బెట్టీ ఆన్ దాన్ని తన విద్యార్థులకు చదివి వినిపించింది. అన్నే దినచర్య పుస్తకంగా వెలువడింది 1947లో. అంటే ఆ పేరు లోకానికి ఇంకా తెలియనప్పుడే, ఒక పల్లెటూరి బడిపిల్లలు ఆమె కోసం బాధపడి ఉంటారన్నమాట.

ఆ దినచర్య కూడా 'కిట్టీ' అనే ఊహాజనిత మిత్రురాలికి రాసిన ఉత్తరాల రూపంలోనే సాగుతుంది. దానికీ అయోవా ఉత్తరానికీ ముడివేయాలని మనసు పీకుతుంది కానీ, అది సరికాదు. ఆ రూపం అన్నేకి ఇష్టమైన రచయిత్రి సిస్సీ వాన్ మార్క్స్‌వెల్ట్ నవలల నుంచి వచ్చిందని పరిశోధకులు చెబుతారు. అయినా ఒక్క మాట అనవచ్చు. తనను ఎరగని మనిషికి తన గురించి చెప్పుకోవాలంటే ముందు తన ఇంటిని, వీధిని, బడిని కొత్తవాళ్ళ కళ్ళతో చూడాలి. ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడేటప్పుడు ఆ అవసరం రాదు. కలం స్నేహం పిల్లలకు ఆ అవసరం కల్పిస్తుంది. పదేళ్ళ అన్నే, పదేళ్ళ జువానిటా ఇద్దరూ చేసింది అదే.

1988లో ఆ రెండు ఉత్తరాలూ న్యూయార్కు వేలంలో 1,65,000 డాలర్లకు అమ్ముడుపోయాయి. పేరు చెప్పని కొనుగోలుదారు వాటిని లాస్ ఏంజెలెస్‌లోని సైమన్ వీసెంతాల్ కేంద్రానికి బహూకరించారు.

ఆ వెల కంటే, వాటిని అన్నేళ్ళు దాచుకున్న తీరే నాకు గొప్పగా కనిపిస్తుంది. వెంటనే జవాబు దొరికే ఈ రోజుల్లో పిల్లల చేత ఉత్తరాలు రాయించడం చాదస్తమనిపించవచ్చు. కాని దూరదేశంలో ఒక పేరు, ఒక చిరునామా తెలిసిన పిల్లవాడు ఆ దేశం గురించి వచ్చిన వార్తను మరోలా వింటాడు. కలం స్నేహం వల్ల ఒనగూడే ఆ పెద్ద లాభం ఇదేనని నా నమ్మకం. ఉత్తరం నిండా అక్షరదోషాలున్నా దీనికి లోటు రాదు.