వంశ శోధన, చర్చి రిజిస్టర్లు (నెల్లూరు ప్రాంతం)

ఇంగ్లండు చర్చిలలో బాప్తిస్మం, పెళ్లి, ఖననం వివరాల నమోదు 1538లో మొదలైంది. ఆ అలవాటు మద్రాసుకూ వచ్చింది: 1680లో అక్కడ ప్రతిష్ఠించిన సెయింట్ మేరీస్ చర్చి రిజిస్టరులో తొలి పెళ్లి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఎలిహూ యేల్‌ది. మద్రాసు రాజధాని చర్చిల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

నెల్లూరులో 1840లో అడుగుపెట్టిన అమెరికన్ బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మమివ్వరు. కాబట్టి వారి పుస్తకంలో తాత పేరు దొరికినా ఆ తేదీని పుట్టినరోజుగా పట్టుకుంటే పప్పులో కాలేసినట్టే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో వారి చేత ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే.

పెన్న ఒడ్డున సంగం చుట్టుపక్కల రెడ్ల వంశం వెతికేవారికి రిజిస్టరు కంటే వంశావళులు చెప్పే పిచ్చుకుంట్లవారి నోటి పాఠమే పాత ఆధారం. ఇంటిపేరు, గోత్రం అందులోనే దొరుకుతాయి.