జత కుదరని పెంకు

నాంపల్లి రైలుస్టేషనునుండి ఆబిడ్సునకు బోవు త్రోవలో, ఇరుప్రక్కల లేచిన పెద్ద కట్టడముల నడుమ, ఒక సందున మా పితామహులు కట్టించిన పెంకుటిల్లు నేటికిని నిలిచియున్నది. అందు మా మేనత్తగా రొక్కరే నివసించుచున్నారు. వారికి ఎనుబదియేండ్లు దాటినవి. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరమును ముంచిన వానలో ఆ యింటి నడిమిగది కురిసినది. బిందెలు చాలక, తుదకు నీళ్లుగాచు గంగాళమును గూడ మంచముప్రక్కకు దేవలసివచ్చినది. మరునాడు మా తమ్ముడు, “ఇంకెందుకన్నయ్యా, పడగొట్టించి నాలుగంతస్తులు వేయింతము” అనెను. మేనత్తగారు మాఱుపలుకలేదు గాని, ఆ మధ్యాహ్నము భోజనమునకు లేవలేదు. ఆ కప్పు బాగుపడునా, పడదా యను ప్రశ్నకు సమాధానము వెదకబోయి మేము పెంకుల చరిత్రలో బడితిమి.

మొదట మేము చేసినది తప్పుపని. ఒక కంట్రాక్టరును బిలిచితిమి. అతడు కొప్పుపొడవునను, పగుళ్లన్నిటిపైనను సిమెంటు మెత్తించి, సొమ్ము పుచ్చుకొని వెడలిపోయెను. పెంకు ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. సిమెంటు దానితో గూడి కదలదు. రెండవ వానకారు వచ్చునప్పటికి క్రొత్తపగుళ్లు పుట్టినవి. అంతకంటె గొప్పకీడేమనగా, ఒక పెంకును దీయబోయిన దాని నంటియున్న రెండు విఱుగుచుండెను. మంచి పెంకులు గూడ ఇట్లు కొన్ని నష్టమైనవి.

తీసిన పెంకుల నడుగుభాగమున ఇంగ్లీషు అక్షరములలో ‘బాసెల్ మిషన్’ అనియు, 1865 అనియు అచ్చుపడి యుండెను. దీనిని జూచి మా బంధువులలో నొకరు, ఇల్లు 1865లో గట్టినదే యని తీర్పుచెప్పిరి. వారసత్వపు కట్టడముగా నమోదు చేయింతమని గూడ ననిరి. మా కది రుచించలేదు. ఆ యంకె కర్మాగారము స్థాపించిన సంవత్సరము. ఆ తరువాత ననేక దశాబ్దములు పోతపోసిన పెంకులపై నదియే ముద్ర. హైదరాబాదునకు వాడినుండి రైలుమార్గము వచ్చినదే 1874లో. నాంపల్లి స్టేషను కట్టబడినది 1907లో. ఆబిడ్సున కా పేరు వచ్చుటకు గారణమైన ఆల్బర్టు ఆబిద్ ఆరవ నిజామైన మహబూబు అలీఖానుకడ గొలువుచేసి, అచట నంగడి పెట్టినవాడు. మా యింటి దస్తావేజు ఉర్దూలో నున్నది. దానిపైనున్నది ఫసలీ 1322, అనగా క్రీ. శ. 1912–13. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్న పిమ్మట, నదికి దూరముగ నుత్తరపు పేటలలో ఇండ్లు గట్టుకొన్నవారిలో మా పితామహు లొకరని ఇంటిలో చెప్పుకొనెడివారు. దస్తావేజు ఆ మాటను బలపఱచుచున్నది. కావున ఇల్లు చెప్పుకొన్నదానికంటె నేబదియేండ్లు చిన్నది. బంధువుగారికి గొంత కోపము వచ్చినది.

ఇక పెంకు మాట. బాసెల్ మిషనువారు మంగుళూరున బ్రవేశించినది 1834లో. వారి మతమును స్వీకరించినవారిని కులమువారు వెలివేయగా, కులముతోబాటు వృత్తియు, వృత్తితోబాటు కూడును బోయెడిది. వారి పోషణకై మిషనువారు మొదట నేతశాలలను, పిదప పెంకుల కర్మాగారమును బెట్టిరి. వారి మతప్రచారమును మెచ్చనివారుందురుగాక. పొరుగువాని పొట్టగొట్టి యాకర్మాగారమునకు గూలివాండ్రను సమకూర్చినది మాత్రము మనవారే. జార్జి ప్లెబ్‌స్ట్ అను జర్మనుడు 1865లో జెప్పునందు దానిని స్థాపించెను. నేత్రావతి, గురుపురనదుల యొండ్రుమట్టి దాని కాధారము. ఒకదాని గాడిలో నొకటి యిమిడెడి ఈ పెంకు మాత్రము మంగుళూరున బుట్టినది కాదు. 1841లో ఆల్సేసునందలి ఆల్ట్‌కిర్క్ పట్టణమున గిలార్డోని సోదరులు దీనికి హక్కుపత్రము పొందిరి. మంగుళూరు పెంకుల గిరాకిని జూచి తక్కినవారును గర్మాగారములు పెట్టిరి. 1914 యుద్ధకాలమున జర్మనుల సొత్తని ప్రభుత్వమువారు మిషను కర్మాగారములను స్వాధీనము జేసికొనిరి; పిదప నవి కామన్‌వెల్తు ట్రస్టు చేతికి బోయినవి.

కర్మాగారములు పెరిగినకొలది అచ్చులు పెరిగినవి. ఒక్కొక్కని అచ్చు ఒక్కొక్క కొలత. భారతీయ ప్రమాణములలో 654వది యీ పెంకునకు గూడ ఒక కొలత గాక మూడు కొలతల నంగీకరించినది: నిడివి 410, 420, 425 మిల్లీమీటర్లు, వెడల్పు 235, 250, 260. చూచుటకీ భేద మత్యల్పము. కాని వెడల్పున పదునైదు మిల్లీమీటర్ల తేడా ముప్పది పెంకుల వరుసలో నడుగున్నర యగును. అంతవఱకు బోనక్కఱయే లేదు. ప్రక్కపెంకు గాడిలో బెదవి కూర్చుండనిచో మొదటిదానితోనే నీరు దిగును.

ఈ సంగతి మాకు దెలిపినవాడు పుస్తకములు చదివినవాడు కాడు. పాలమూరునుండి వచ్చి యిండ్లకప్పులు సరిచేయు వృద్ధు డొకడు మా మెట్లపై గూర్చుండి, రెండు పెంకులను జోడించి చూపి, “సారూ, గూనపెంక అయితే యే ఊరిదైనా ఒదుగుతది. ఇది ఒదగది. దీని జాతి వేరే” అనెను. మే మాశ్చర్యపడితిమి. మా గ్రామమున మృగశిరకార్తెకు ముందు గూన సర్దుట మేము బాల్యమున జూచినదే. కుమ్మరి సారెపై జేసిన గూన లొకదానివలె నొకటి యుండవు. అందుచేతనే దేనితోనైనను గలిసిపోవును. ఏటేట నాలుగు పగిలిన, కుమ్మరి నాలుగిచ్చును. అవి వెనుకటివాని జతయా కాదా యని యెవ్వరు నడుగరు. యంత్రపు పెంకు తన తోబుట్టువులతో దప్ప గలియదు. అది పుట్టిన యచ్చు పోయిననాడు ఆ కప్పు ఒంటరిది. బలము, తేలిక, నున్నదనము చూచి మనము కుమ్మరిని వదలుకొంటిమి. వాని గూనలోని యీ సౌకర్యమును లెక్కకు దీసికొన్నవారు లేరు. గూన సర్దు కూలి గూడ ఏటేట దప్పనిదేయని తమ్ముడు గుర్తుచేసెను. అదియు నిజమే.

జతపెంకులకై రెండునెలలు తిరిగితిమి. క్రొత్తవి దొరకును గాని యవి వేఱు కొలత. జుమేరాత్ బజారునందు పాతతలుపులు, ఇనుపకమ్ములు, మెట్లకటకటాలు గుట్టలుగా నుండగా, వాని వెనుక బాతపెంకులు మూడువందలవఱకు గనబడినవి. త్రిప్పిచూచితిమి: మంగుళూరివే, అచ్చు వేఱు. కూల్చిన యే యింటివో వర్తకునికి దెలియదు. మా వెంటవచ్చిన వృద్ధుడు వానిని వ్రేలితో గొట్టి వినెను. ఖంగుమన్నవానిని గైకొని, మొద్దుధ్వని యిచ్చినవానిని బక్కకు నెట్టెను.

అతని యుపాయమిది. ఇంటికప్పున మొత్తము 1,200 పెంకులు: వీధివైపు వాలున 600, పెరటివైపు 350, వెనుక వసారాపై 250. వసారా కప్పు గోడక్రింద విడిగా దిగి తన పట్టెలు తాను గలిగియున్నది. ఒక్కటొక్కటిగా దింపి, తోమి, తట్టి చూడగా 961 మంచివి తేలినవి. వానితో వీధివైపును, పెరటివైపును నిండించితిమి. క్రొత్తజాతిని దెచ్చి పాతవరుసలలో నొక్కచోటనైనను జొనుపలేదు. వసారాపై మాత్రము పట్టెలను విప్పి, బజారుపెంకు కొలతకు మరల గొట్టించి, యంతయు నాజాతితోనే కప్పించితిమి. రెండు జాతులు గోడదగ్గర దప్ప నెచ్చటను దాకవు. కొప్పునకు సిమెంటు మాని డంగుసున్నము పెట్టించితిమి. పనివానిని, సున్నమును వెదకుటకే మూడువారములు పట్టినది. పైకెక్కినపుడు మఱియొక విషయము తెలిసినది: నడిమిగది కురియుటకు మూలము విఱిగిన పెంకులు గావు, వాని క్రింద బుచ్చిన యొక పట్టె. అది వంగగా నాఱు పెంకులు జాఱి గాడి వదలినవి. పైన మెత్తిన సిమెంటు దానిని మూసివేసెను గనుక నెవరికి గనబడలేదు.

తమ్ముడు లెక్కచూచి, క్రొత్త ఱేకులు వేసిన నింతలో సగము చాలునని యన్నాడు. అది నిజమే, మే మెదురుచెప్పలేదు. ఆతడే మఱునాడు నిచ్చెన పట్టుకొని నిలుచుండెను.

జూలైలో వానలు వచ్చినవి. వసారాచివర గోడయంచున గొంచెము చెమ్మ దిగుచున్నది. అచట సీసపుఱేకు మడిచి పెట్టింపవలెను. నడిమిగది పొడిగా నున్నది. మేనత్తగారు మాత్రము గంగాళమును దాని చోటికి బంపక గదిమూలనే యుంచుకొన్నారు. మిగిలిన పాతపెంకులు 11. వానిని పెరటిగోడకు జేర్చి, అచ్చును, కొలతను, వసారాపెంకుల కొలతను గూడ నొక కాగితముపై వ్రాసి, ఫసలీ 1322 దస్తావేజుతో గలిపి మడిచి యుంచితిమి.