రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా

2007 ప్రాంతంలో నెల్లూరు వైపు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాళ్లు రెండు రకాలు: మైపాడులో వేటకు పోయే మత్స్యకారులు, టౌన్లో టోరెంట్ పెట్టే కుర్రాళ్లు. రెండో రకానికి కారణం బీఎస్ఎన్ఎల్ డేటావన్ ప్లాన్లు. వాటిలో కొన్నింటికి రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత దించుకున్నా లెక్క లేదు. పగలైతే ప్రతి మెగాబైటూ మీటరు మీదే. రెండు కొట్టగానే మోడెం ఆన్ చేసి, ఆపి ఉంచిన ఫైలును కదిలించి, మానిటర్ ఒక్కటీ ఆర్పి పడుకునేవాళ్లు. తెల్లారి ఇంట్లో కాఫీ కలిపే వేళకు ఆ ఫైలు 97 శాతం దగ్గర నిలిచిపోయి ఉంటే ఇక ఆ రోజంతా చిరాకే.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. మొదట నాలుగు మహానగరాలకే. మద్రాసుకు వచ్చింది, పక్కనే ఉన్న నెల్లూరు ఆగాల్సి వచ్చింది. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ మొదలై, పాటల ఫైళ్లు ఒక ఇంటి కంప్యూటర్ నుంచి మరో ఇంటికి నేరుగా పోవడం నేర్చుకున్నాయి. మన దగ్గర అప్పటికి డయలప్పే. 56 కేబీపీఎస్ మోడెం మీద చేతికందేది సెకనుకు ఐదారు కిలోబైట్లు. నాలుగు మెగాబైట్ల పాటకు పన్నెండు, పదమూడు నిమిషాలు. ఈలోగా ఇంటికి ఎవరూ ఫోన్ చేయకూడదు.

సినిమా అంత ఫైలుకు దారి చూపింది బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన బిట్‌టోరెంట్. అది ఫైలును చిన్న ముక్కలుగా కోస్తుంది. నా దగ్గరున్న ముక్క నీకు, నీ దగ్గరున్నది నాకు. తక్కువమంది దగ్గరున్న ముక్కను ముందు తెచ్చుకుంటుంది. తిరిగి ఇచ్చేవాడికే ఎక్కువ ఇస్తుంది. కొత్తవాడు ఖాళీ చేతులతో వస్తాడు కాబట్టి, సుమారు అర నిమిషానికోసారి ఎవరో ఒకరికి ఊరికే ఇచ్చి చూస్తుంది. మన తీరంలో అలివి వల లాగుడు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పడవ వలను సముద్రంలో చుట్టి వస్తే, ఒడ్డున రెండు కొసల తాళ్లు పట్టి జనం లాగుతారు. తాడు పట్టినవాడికి వాటా ఉంటుంది. చేతులు కట్టుకుని నిలబడినవాడికి దక్కేది పెట్టినంత.

చిక్కంతా ఆ తాడు దగ్గరే, అంటే నెట్ లైను దగ్గరే వచ్చింది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండ్ అంది. కంపెనీ చెప్పేది బిట్లలో, తెర మీద కనపడేది బైట్లలో. 256ని ఎనిమిదితో భాగిస్తే 32 కిలోబైట్లు. ఈ తేడా తెలియక లైన్‌మ్యాన్‌తో తగువు పడినవాళ్లు ఎందరో! ఆ లెక్కన 700 మెగాబైట్ల సినిమాకు ఆరుంబావు గంటలు. ఆరు గంటల రాత్రి దానికి చాలదు. 2007 జనవరిలో డేటావన్ వేగం 2 ఎంబీపీఎస్ అయ్యాక అదే రాత్రిలో ఏడు సినిమాలు పట్టేవి. అదీ కాగితం మీద.

కాగితం మీద అనడానికి కారణం ఉంది. రాగి తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్ పేరులోనే అసమానం ఉంది. దాని మెరుగైన రకంలోనూ దిగడానికి 24 ఎంబీపీఎస్ దాకా దారి ఉంటే, ఎక్కడానికి ఒకటి, అటూఇటూ. ఇల్లు తీసుకుంటుందే గానీ ఇచ్చేదేముంటుందని ఆ సాంకేతికత లెక్క. ఇలా ఇంటి నుంచి ఇంటికి పంచుకునే పీర్ టు పీర్‌లో ఆ లెక్క పనిచేయదు. ఒకరికి దిగింది మరొకరు ఎక్కించిందే. గుంపు మొత్తం మీద దిగేది ఎక్కేదాన్ని మించదు. పోనీ అప్‌లోడ్ పూర్తిగా వదిలితే, 'అందింది' అని తిరిగి పంపాల్సిన రసీదులు ఆ ఇరుకు దారిలోనే చిక్కుకుని డౌన్‌లోడూ పడిపోతుంది. అందుకే అప్‌లోడ్‌ను ఎనభై శాతం దగ్గర కట్టడి చేయాలన్నది అప్పటి చిట్కా. చాలామంది దాన్ని సున్నాకు దగ్గరగా దించి, ఫైలు పూర్తవగానే తీసేసేవారు. పక్కపక్క వీధుల్లో ఇద్దరు ఒకే సినిమా దించుకుంటున్నా, ముక్కలు మాత్రం ఎక్కడో పెద్ద అప్‌లోడ్ ఉన్న పరాయి దేశపు కంప్యూటర్ నుంచి, చెన్నై ఒడ్డున దిగే సముద్రపు కేబుళ్ల మీదుగా రావచ్చు. ఆ దారి ఎంత సున్నితమో 2016 డిసెంబరులో వర్దా తుపాను చూపింది. అప్పుడు దేశంలో చాలాచోట్ల నెట్ నెమ్మదించింది.

దించుకున్నవాటిలో లైనక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కొంత. ఎక్కువ భాగం హక్కులు పరులవే. 2012లో '3', 'దమ్ము' సినిమాల కేసులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వులతో సర్వీసు సంస్థలు సైట్లకు సైట్లే మూసేశాయి. ఫలానా లింకులే ఆపాలని కోర్టు తర్వాత స్పష్టం చేయాల్సి వచ్చింది. మరుసటేడు 'అత్తారింటికి దారేది' తొంభై నిమిషాలు విడుదలకు ముందే బయటికొచ్చి, అక్టోబరు 9 అనుకున్న సినిమా సెప్టెంబరు 27నే వచ్చింది. ఆ గుట్టు రట్టయింది కృష్ణా జిల్లా పెడన సీడీ షాపుల్లో. నెట్ వేగం ఎంత పెరిగినా చేతి నుంచి చేతికి పోయే దారి అప్పటికీ మూతపడలేదు.

2016 సెప్టెంబరులో జియో, 2017 డిసెంబరులో కరెంటు స్తంభాల మీదుగా నెలకు 149 రూపాయలకే వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ ఈ కథను తిరగరాశాయి. 15 ఎంబీపీఎస్ మీద అదే సినిమా ఆరేడు నిమిషాలు. అయితే మొబైల్ నెట్‌వర్కుల్లో వేలమంది ఒకే బయటి చిరునామా వెనక ఉంటారు కాబట్టి, అవతలివాడు నేరుగా మన తలుపు తట్టడం కష్టమైంది. ఈలోగా సినిమా దాచుకోవడం మాని, చూసి వదిలేయడం అలవాటైంది.

ఇప్పుడు చాలా ఫైబర్ ప్లాన్లలో ఎక్కే వేగమూ దిగే వేగమూ ఒకటే. బిట్‌టోరెంట్‌కు మొదటి నుంచీ కావలసింది అదే. తాడుకు బలం వచ్చింది, వల లాగే పని లేకుండా పోయింది. ఒకప్పుడు రాత్రంతా మేలుకున్న ఆ ఫైలును 30 ఎంబీపీఎస్ లైన్ మీద పక్కింటికి ఎక్కించడానికి మూడు నిమిషాలు చాలు. అడిగే పక్కింటివాడే లేడు.