పంచనామా కాగితంలో రైతు, గృహిణి

ఆత్మహత్యల గురించి దేశానికి తెలిసినదంతా దాదాపు రెండు కాగితాల నుంచి వచ్చిందే: పోలీసుల శవపంచనామా, ప్రభుత్వాసుపత్రి పోస్టుమార్టం రిపోర్టు. బొంబాయి వంటి నగరాల్లో 1871 చట్టం కింద కరోనర్లు ఈ విచారణ చేసేవారు. బొంబాయిలో ఆ పదవి 1999 వరకు సాగింది. పల్లెల్లో మాత్రం ఆ పని ఎక్కువగా పోలీసులదే. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 174వ సెక్షన్ 1973 కోడ్‌లోనూ అదే నంబరుతో నిలిచింది. స్టేషన్ అధికారి కనీసం ఇద్దరు ఊరివాళ్ల సమక్షంలో శవాన్ని చూసి, గాయాలు నమోదు చేసి, చావుకు తోచిన కారణం రాయాలి. ఆ కారణం మీద అనుమానం ఉంటేనే శవం డాక్టరు దగ్గరికి వెళ్లేది.

ఆ వెసులుబాటుకు ఎక్కువగా బలైనవి కొత్త కోడళ్ల చావులు. ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట తెలుగు జిల్లాల పోలీసు కాగితాల్లో, పత్రికల్లో అచ్చు పోసినట్టు కనిపించేది. అత్తవారింటి వేధింపు ఆ రెండు ముక్కల్లో సమాధి అయ్యేది. వరకట్న చావులపై మహిళా సంఘాలు వీధికెక్కాక 1983లో చట్టం మారింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే పోస్టుమార్టం తప్పనిసరి అయింది, మేజిస్ట్రేటు విచారణకూ దారి ఏర్పడింది. పెళ్లై ఎన్నేళ్లయిందన్న వివరం అలా చట్టపరంగా ముఖ్యమైంది.

ఫోరెన్సిక్ డాక్టర్ల పరిశీలనల్లో పదేపదే కనిపించేది పడుచు వయసే. 2022లో జాతీయ నేర గణాంక సంస్థ లెక్కగట్టిన 1,70,924 ఆత్మహత్యల్లో మూడింట రెండు వంతులు 18–45 ఏళ్ల మధ్యవారివి. మగవారు నూటికి డెబ్బైకి పైగా. దినకూలీలు నాలుగోవంతు దాటారు. చనిపోయిన స్త్రీలలో సగానికి మించి గృహిణులు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, తర్వాత అనారోగ్యం.

రైతుల లెక్క విడిగా వేయడం 1995లో మొదలైంది. 1997–98లో వరంగల్ జిల్లాలో లద్దెపురుగు, అకాల వానలు పత్తిని ముంచాయి. విత్తనం, పురుగుల మందు అరువిచ్చిన వ్యాపారే అప్పులవాడు కూడా. ఆ ఏడాది రైతుల చావులు దేశం దృష్టికి వచ్చాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421 ద్వారా లక్షన్నర సాయం ప్రకటించింది. అది అందాలంటే ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు పత్రాలు, భూమి కాగితాలు కావలసి వచ్చేవి. కౌలుదారు పేర పట్టా ఉండదు. నోటిమాట అప్పుకు పత్రం ఉండదు. పొలం పని చేసిన స్త్రీ చనిపోతే భూమి భర్త పేరనో మామ పేరనో ఉంటుంది గనుక కాగితంలో ఆమె గృహిణి అవుతుంది. ఇది లెక్కలో దొర్లిన చిన్న పొరపాటు కాదు, ఆ కుటుంబానికి జరిగిన అన్యాయం.

ఆత్మహత్యా యత్నాన్ని నేరంగా చూసే పద్ధతి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంతో సడలింది. అలాంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని ఆ చట్టం చెబుతుంది. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళైనా, తెలుగులోనూ, ఉచితంగా ఫోన్ చేయవచ్చు.