మోకాల్లో మూడు లిగమెంట్లు తెగాయి, టీమ్ ఆగలేదు: నిక్ చబ్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక మోకాలి హిస్టరీ చెప్తాను. దాని చుట్టూ ఒక కాలేజీ టీమ్, ఆ టీమ్‌లో ఒకరి చోట ఒకరు వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు ఉన్నారు. గాయమైనవాడు కోలుకోవాలంటే మంచి సర్జన్ కావాలి, ఫిజియో కావాలి, ఓపిక కావాలి. ఇవి అందరూ చెప్పేవే. వీటితో పాటు, వాడు కోలుకునే వరకు వాడి చోట ఆడే మనిషి కూడా కావాలి. దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు.

డేట్ 2015 అక్టోబర్ 10, శనివారం. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే శనివారమే. ప్లేస్ టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్, నేలాండ్ స్టేడియం. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. జార్జియా యూనివర్సిటీ టీమ్‌కి బాల్ వచ్చింది. మొదటి ప్లే. నిక్ చబ్ అనే 19 ఏళ్ల కుర్రాడు బాల్ పట్టుకుని సైడ్‌లైన్ వైపు పరిగెత్తాడు. లైన్ దగ్గర పడేసేటప్పుడు ఎడమ కాలు నేలలో ఇరుక్కుంది, మోకాలు వంగకూడని వైపు వంగింది. ఒక్క ప్లేతో అతని సీజన్ అయిపోయింది.

ఈ గేమ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. దీనికీ మన కాలితో ఆడే ఫుట్‌బాల్‌కీ సంబంధం లేదు. గుడ్డు షేప్ బాల్, ఒక్కో సైడ్ 11 మంది. 10 గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులు ఇస్తారు. యార్డ్ అంటే మనం ప్లాట్ కొనేటప్పుడు చెప్పే గజమే. బాల్ చేతిలో పెట్టుకుని ఎదుటి గుంపులోకి దూరేవాడు రన్నింగ్ బ్యాక్. ఒక్కోసారి దూరడాన్ని క్యారీ అంటారు. సగటున క్యారీకి 5 గజాలొస్తే బాగా ఆడినట్టే. ప్రతి క్యారీ చివర్లో ఒకరో ఇద్దరో ముగ్గురో వచ్చి మీద పడతారు. చాలాసార్లు మోకాళ్ల దగ్గరే.

జార్జియా యూనివర్సిటీ ఉండేది ఏథెన్స్ అనే ఊళ్లో. అట్లాంటా నుంచి కారులో గంటన్నర. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లు శనివారాల్లో ఎరుపు, నలుపు జెర్సీలు చూసే ఉంటారు. ఆ టీమే ఇది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. చబ్ ఆ ప్లేస్‌లోకి ఎలా వచ్చాడో తెలిస్తేనే ఈ కథ అర్థమవుతుంది.

2012లో జార్జియాలో ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు ఒకేసారి చేరారు. టాడ్ గర్లీ, కీత్ మార్షల్. గర్లీ ఫస్ట్ ఇయర్‌లోనే 1,385 గజాలు కొట్టాడు. 2013 సెప్టెంబర్ 28న గర్లీ చీలమండకి దెబ్బ తగిలింది. వారం తర్వాత, అక్టోబర్ 5న, మార్షల్ స్టార్ట్ చేశాడు. ఎక్కడో తెలుసా? ఇదే నేలాండ్ స్టేడియం. ఆ మ్యాచ్‌లో మార్షల్ ఏసీఎల్ తెగింది. అంటే ఒకడి బదులు దిగినవాడు కూడా ఒక్క మ్యాచ్‌లోనే పోయాడు.

2014లో కొత్తగా ఇంకో ఇద్దరు వచ్చారు. నిక్ చబ్, సోనీ మిషెల్. అక్టోబర్‌లో గర్లీని సస్పెండ్ చేశారు. కారణం గాయం కాదు, డబ్బు. ఆటోగ్రాఫ్‌లు చేసి రెండేళ్లలో 3,000 డాలర్లకు పైగా తీసుకున్నాడని. కాలేజీ స్పోర్ట్స్‌ని నడిపే ఎన్‌సీఏఏ రూల్స్ ప్రకారం అప్పట్లో ప్లేయర్ తన పేరు మీద రూపాయి సంపాదించకూడదు. స్కాలర్‌షిప్ తప్ప ఏమీ లేదు. టీమ్ మాత్రం టీవీ హక్కులు, టికెట్లు, జెర్సీల మీద కోట్లు సంపాదిస్తుంది. గర్లీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం. మార్షల్‌కి మళ్లీ గాయాలు. మిషెల్‌కి భుజం గాయం. మిగిలింది 18 ఏళ్ల చబ్.

2014 అక్టోబర్ 11న మిజోరీ మీద చబ్‌కి మొదటి స్టార్ట్. ఎన్ని క్యారీలు ఇచ్చారో చూడండి: 38. 143 గజాలు తీశాడు, జార్జియా 34-0తో గెలిచింది. స్కోర్ చూస్తే సంబరం. ఆ 38ని ఇంకో వైపు నుంచి చూడండి. ఒక ఫస్ట్ ఇయర్ స్టూడెంట్ ఒక్క మధ్యాహ్నం 38 సార్లు గుంపులో దూరాడు. పక్కన పంచుకునేవాడు లేడు కాబట్టి.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అనేవాళ్లం. సర్వర్ ఒక్కటే ఉంటే లోడ్ అంతా దాని మీదే. అది బాగా పనిచేస్తున్నంతసేపు ఎవరూ పట్టించుకోరు. ఇంకా చెప్పాలంటే, బాగా పనిచేస్తోంది కదా అని దాని మీదే ఇంకొంచెం లోడ్ వేస్తారు.

ఇక్కడ ఒక క్లారిటీ. 38 క్యారీల వల్లే ఏడాది తర్వాత మోకాలు పోయిందని నేను అనట్లేదు. అలాంటి దెబ్బ మొదటి క్యారీలో కూడా తగలొచ్చు, చబ్‌కి నిజంగా అదే జరిగింది. కానీ ప్రతి క్యారీ ఒక రిస్క్. ఆ రిస్క్‌ని ముగ్గురు పంచుకోవడం వేరు, ఒకడే మోయడం వేరు.

గర్లీ సస్పెన్షన్ అయిపోయి నవంబర్ 15న ఆబర్న్ మీద తిరిగొచ్చాడు. అదే మ్యాచ్‌లో ఏసీఎల్ తెగింది! మళ్లీ బరువంతా చబ్ మీదే. ఆ సీజన్ ముగిసేసరికి చబ్ 1,547 గజాలు. 2015లో క్యారీకి సగటు 8 గజాలు దాటింది. వరసగా 13 మ్యాచ్‌ల్లో వందకు పైగా గజాలు తీసి, జార్జియా లెజెండ్ హెర్షెల్ వాకర్ రికార్డుని సమం చేశాడు. తర్వాతి మ్యాచే నాక్స్‌విల్.

ఇప్పుడు ఆ మోకాలి లోపలికి వెళ్దాం. మోకాల్లో ముఖ్యమైన లిగమెంట్లు నాలుగు. లిగమెంట్ అంటే ఎముకని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది. కింది ఎముక ముందుకి జారకుండా పట్టుకునేది ఏసీఎల్, వెనక్కి జారకుండా పట్టుకునేది పీసీఎల్. మోకాలు పక్కలకి వంగకుండా లోపలి వైపు ఎంసీఎల్, బయటి వైపు ఎల్‌సీఎల్. క్రికెట్ ఫాలో అయ్యేవాళ్లు ఎక్కువగా ఏసీఎల్ పేరే విని ఉంటారు. చబ్‌కి అది తప్ప మిగతా మూడూ తెగాయి. పైగా కార్టిలేజ్ కూడా దెబ్బతింది.

సర్జరీ అయ్యాక జరిగేది సినిమాలో చూపించే ట్రైనింగ్ మాంటేజ్ లాగా ఉండదు. మొదట వాపు తగ్గాలి. మోకాలు పూర్తిగా చాపగలగాలి, వంచగలగాలి. వాడకపోతే తొడ కండ కొన్ని వారాల్లోనే సన్నబడిపోతుంది, దాన్ని మళ్లీ పెంచాలి. తర్వాత నడక, తిన్నగా పరుగు, చివర్లో అసలు పరీక్ష: ఫుల్ స్పీడ్‌లో పరిగెడుతూ ఆ కాలి మీదే బరువేసి పక్కకి తిరగడం. రన్నింగ్ బ్యాక్ జాబ్ అంతా ఈ చివరి స్టెప్‌లోనే ఉంది. ఒక్కో స్టెప్‌కీ టైమ్ పడుతుంది, తొందరపెడితే మొదటికొస్తుంది.

అందరికీ ఆ టైమ్ సరిపోదు కూడా. సౌత్ కరోలినాలో మార్కస్ లాటిమోర్ అని ఉండేవాడు. 2010లో ఫస్ట్ ఇయర్‌లోనే ఫ్లోరిడా మీద ఒక్క మ్యాచ్‌లో 40 క్యారీలు, 212 గజాలు. 2011 అక్టోబర్‌లో ఎడమ మోకాలు పోయింది. కోలుకుని వచ్చాడు. 2012 అక్టోబర్‌లో కుడి మోకాలు ఇంకా ఘోరంగా పోయింది. ఎన్ఎఫ్ఎల్ టీమ్ ఒకటి 2013లో సెలెక్ట్ చేసుకుంది, కానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2014లో రిటైర్ అయ్యాడు. కష్టపడితే చాలు తిరిగొస్తాం అనేది నిజం కాదు. లాటిమోర్ కూడా కష్టపడ్డాడు.

సరే, చబ్ బెడ్ మీద ఉన్నాడు. మరి టీమ్? నాక్స్‌విల్‌లో 24-3తో ముందున్న జార్జియా ఆ మ్యాచ్ 38-31తో ఓడిపోయింది. కానీ సోనీ మిషెల్ బాల్ తీసుకున్నాడు. ఆ సీజన్ మొత్తం మీద 1,161 గజాలు. ఇంకొకరు కూడా ఉన్నారు. రెండేళ్ల ముందు ఇదే గ్రౌండ్‌లో మోకాలు పోగొట్టుకున్న కీత్ మార్షల్. అతను కూడా ఆ సీజన్‌లో క్యారీలు పంచుకున్నాడు.

మిషెల్ అలా ఆడటం వల్ల చబ్‌కి దక్కింది టైమ్. "ఎప్పుడొస్తావ్, నువ్వు లేక మునిగిపోతున్నాం" అనే ప్రెజర్ తగ్గింది. డెప్త్ అనగానే మనం స్పేర్ టైర్ లాగా ఊహించుకుంటాం. పంచర్ అయినప్పుడు కారు కదలడానికి అని. కానీ పంచర్ అయిన టైర్‌ని సరిగ్గా బాగుచేయించుకునే తీరిక ఇచ్చేది కూడా ఆ స్పేరే.

ఇక 2016కి రండి. జార్జియాకి కొత్త కోచ్, కర్బీ స్మార్ట్. జులైలో మిషెల్ చేయి విరిగింది, ఏటీవీ బండి యాక్సిడెంట్‌లో. సీజన్ మొదటి మ్యాచ్‌కి అతను లేడు. ఇప్పుడు టైమ్ కావాల్సింది మిషెల్‌కి. సెప్టెంబర్ 3, అట్లాంటా, నార్త్ కరోలినా మీద. గాయమై 11 నెలలు కూడా పూర్తవలేదు. చబ్ దిగాడు. 32 క్యారీలు, 222 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు. జార్జియా 33-24తో గెలిచింది.

వీడియోలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. తిరిగొచ్చాడు, కొట్టాడు, చప్పట్లు. నేను ఆ తర్వాతి నెంబర్లు చూశాను. క్యారీకి సగటు 2014లో 7 గజాలు, 2015లో 8. తిరిగొచ్చిన 2016లో 5. తర్వాత 2017లో 6. సీజన్ మొత్తం 1,130 గజాలు తీశాడు, చెడ్డది కాదు. కొత్త కోచ్, ఫస్ట్ ఇయర్ క్వార్టర్‌బ్యాక్, ఇవి కూడా ఆ తేడాలో ఉంటాయి. కానీ గ్రౌండ్‌లోకి తిరిగి రావడం, పాత స్థాయికి రావడం ఒకటే కాదని ఆ నెంబర్లు చూస్తే తెలుస్తుంది.

2016 డిసెంబర్‌లో ఇద్దరి ముందూ ఒక ఛాయిస్. ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోతే జీతం. ఉండిపోతే ఇంకో ఏడాది జీతం లేకుండా, అదే మోకాళ్లతో. ఇద్దరూ ఉండిపోయారు. రిస్క్ చిన్నది కాదు, కానీ బరువు పంచుకునే మనిషి పక్కనే ఉన్నాడు. పైగా 2017లో డి'ఆండ్రే స్విఫ్ట్ అనే ఫస్ట్ ఇయర్ కుర్రాడు కూడా చేరాడు. ఆ సీజన్ లెక్క: చబ్ 1,345, మిషెల్ 1,227, స్విఫ్ట్ 618. ముగ్గురి మధ్య బరువు పడింది. చబ్ మొత్తం 15 మ్యాచ్‌లూ ఆడాడు.

2018 జనవరి 1, రోజ్ బౌల్, ఓక్లహోమా మీద సెమీఫైనల్. నాలుగో క్వార్టర్‌లో మిషెల్ చేతిలోంచి బాల్ జారిపోయింది. ఓక్లహోమా దాన్ని తీసుకుని టచ్‌డౌన్ చేసింది, 45-38. ఇక 55 సెకన్లు ఉందనగా చబ్ టచ్‌డౌన్ చేసి లెక్క సరిచేశాడు. రెండో ఓవర్‌టైమ్‌లో బాల్ మళ్లీ ఎవరికిచ్చారు? మిషెల్‌కే. 27 గజాలు పరిగెత్తి మ్యాచ్ ముగించాడు. 54-48. ఆ రోజు చబ్ 145, మిషెల్ 181 గజాలు.

వారం తర్వాత ఫైనల్‌లో మాత్రం అలబామా చేతిలో ఓవర్‌టైమ్‌లో 26-23తో ఓడిపోయారు. ఎలాగంటే, అలబామా హాఫ్‌టైమ్‌లో తన మెయిన్ క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన కూర్చోబెట్టి, తువా టాగోవైలోవా అనే ఫస్ట్ ఇయర్ బ్యాకప్‌ని దించింది. డెప్త్‌తో అక్కడి దాకా వచ్చిన టీమ్ ఎదుటివాళ్ల డెప్త్‌కే ఓడిపోయింది.

ఇప్పుడు ఈ కథలో నాకు మింగుడుపడని పార్ట్. డెప్త్ వల్ల ప్లేయర్‌కి టైమ్ దొరుకుతుంది, కరెక్ట్. కానీ అదే డెప్త్ టీమ్‌కి ఇంకో ధైర్యం కూడా ఇస్తుంది: నువ్వు పోయినా ఇంకొకడున్నాడు. అప్పట్లో ఒక్కో టీమ్‌కి 85 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. మోకాలు పోతే టీమ్ లైన్‌లో తర్వాతివాడిని పిలుస్తుంది. ప్లేయర్‌కి మాత్రం ఉన్నవి రెండే మోకాళ్లు. గర్లీ సంగతే చూడండి. ఆటోగ్రాఫ్ డబ్బుకి శిక్ష పడింది, తిరిగొచ్చిన రోజే ఏసీఎల్ పోయింది. 2021 జులై 1 నుంచి ప్లేయర్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని రూల్ మార్చారు. గర్లీ చేసిన పని ఇవాళ తప్పే కాదు.

తర్వాత ఏమయ్యారు? గర్లీని ఆ ఏసీఎల్ గాయంతోనే 2015లో పదో నెంబర్ పిక్‌గా తీసుకున్నారు. 2019 సూపర్ బౌల్‌లో గర్లీ ఒక వైపు, మిషెల్ ఇంకో వైపు. ఆ మ్యాచ్ మొత్తానికి ఒక్కటే టచ్‌డౌన్, అది మిషెల్‌ది. చబ్ క్లీవ్‌ల్యాండ్‌లో పెద్ద స్టార్ అయ్యాడు. 2023 సెప్టెంబర్ 18న అదే ఎడమ మోకాలు మళ్లీ పోయింది. ఈసారి ఏసీఎల్ కూడా. రెండు సర్జరీలు. 13 నెలల తర్వాత, 2024 అక్టోబర్ 20న, మళ్లీ గ్రౌండ్‌లోకి వచ్చాడు.

ఒకవేళ మీరు కాలేజీ టీమ్‌లోనో, ఆఫీసులోనో "నేను లేకపోతే ఏదీ నడవదు" అనే పొజిషన్‌లో ఉంటే, వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ మీకు జ్వరమొస్తే పడుకునే టైమ్ ఎవరిస్తారు? మీ పక్కన ఒక సోనీ మిషెల్‌ని తయారు చేసుకోండి. అతని చేయి విరిగినప్పుడు మీరు దిగండి. గాయంతో ఆటకి దూరమై తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ టైమ్‌లో మీ చోట ఎవరు ఆడారో కామెంట్స్‌లో రాయండి. వాళ్లని ట్యాగ్ కూడా చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.