కాటన్‌దొర సన్నాలు, జన్యు కత్తెర

శ్రీకాకుళం జిల్లా అక్కుపల్లి తీరం అంటే జీడి, కొబ్బరి, పనస గుర్తుకొస్తాయి గానీ ఉద్దానం అంచున పల్లపు నేలల్లో తినేది, పండించేది వరే. పోటుకు ఉప్పునీరు ఎక్కిన మడిలో వరి ఆకు కొస నుంచి ఎండుకుంటూ వస్తుంది. బతికి వెన్ను తీసినా గింజ పాలు పోసుకోక తాలు మిగులుతుంది. ఈ ఉప్పును తట్టుకుంటుందంటూ కేంద్రం 2025 మే 4న 'పూసా డీఎస్టీ రైస్ 1' రకాన్ని, దాంతోపాటే 'కమల' (డీఆర్ఆర్ ధాన్ 100) రకాన్ని ప్రకటించింది. రెండూ జన్యు సవరణతో వచ్చినవే. జన్యు సవరణ విత్తనమంటే పరాయి సరుకన్న అనుమానం సహజమే. కానీ వీటి వంశం తవ్వితే మొదటిదానికి తల్లి 2000లో మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, ఆనకట్ట కట్టిన దొర పేరు పెట్టుకున్న మన కాటన్‌దొర సన్నాలు. రెండోదానికి 1986లో బాపట్ల ఇచ్చిన సాంబ మసూరి.

ఆ అనుమానానికి సాంబ మసూరి పుట్టుకలోనే ఒక జవాబుంది. దాని పూర్వికుల్లో ఒకటైన జీఈబీ 24ను 1921లో కోయంబత్తూరులో ఎంపిక చేశారు. అది కోనమణి వరిలో తనంతట తానే వచ్చిన మార్పు. అంటే మనం మురిసిపోయే సన్నబియ్యం వెనక ప్రకృతి చేసిన జన్యు మార్పే ఉంది. తర్వాతి తరం శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణాలతో గుడ్డిగా మార్పులు తెప్పించి, పనికొచ్చినవి ఏరుకున్నారు. 2012లో షార్పెంటియే, డౌడ్నా చూపిన క్రిస్పర్ అనే జన్యు కత్తెర (2020 నోబెల్ దీనికే) ఎక్కడ తెంపాలో ఎంచుకునే వీలిచ్చింది. కమలలో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ ముట్టుకున్నది గింజల సంఖ్యకు పగ్గం వేసే జన్యువును. 2005లో జపాన్ పరిశోధకులు దాన్ని గుర్తించారు. దాని జోరు తగ్గిన రూపం కొన్ని వరి రకాల్లో సహజంగానే ఉంది. కాటన్‌దొర సన్నాల్లో ఢిల్లీ పూసా సంస్థ పని ఆపింది డీఎస్టీ జన్యువును. అది పనిచేయకపోతే ఆకు మీది రంధ్రాలు తగ్గుతాయి, ఉన్నవి త్వరగా మూసుకుంటాయి, ఆకులో నీరు నిలుస్తుంది. వింతేమిటంటే ఈ డీఎస్టీయే ఆ గింజల జన్యువునూ నడిపిస్తుంది. రెండు సంస్థలు పట్టుకున్నది ఒకే గొలుసులోని రెండు లంకెలను.

ఇలాంటి సవరణలో బయటి జీవి జన్యువు మిగలదు కాబట్టే 2022 మార్చి 30న కేంద్రం ఈ కోవ సవరణలను జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. ఆ తర్కం నాకు సబబే. అయితే పరాయి జన్యువు లేదన్నంత మాత్రాన పరీక్ష అక్కర్లేదనడం చెల్లదు: అనుకోని చోట తెగిందా, అన్నం రుచీ మెత్తదనం తల్లి రకంలాగే ఉన్నాయా అన్నవి చూడాల్సిందే. కమల సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందని, దిగుబడి 19 శాతం పెరుగుతుందని అధికారిక లెక్క. ఈ రకాల క్షేత్ర పరీక్షల అంకెలనే జన్యుమార్పిడి (జీఎం) పంటల వ్యతిరేక సంఘాలు 2025లో తప్పుపట్టాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) తోసిపుచ్చింది. తోసిపుచ్చడం కంటే ప్రతి పరీక్షా కేంద్రం అంకెనూ బయటపెట్టడం మంచి సమాధానం.

పేటెంట్ల మీది అభ్యంతరం ఇంకా బరువైనది. విత్తనానికి తల్లి ప్రభుత్వ సొమ్ముతో పుట్టినా కత్తెర మీద హక్కులు విదేశీ సంస్థలవి. రైతు గింజ దాచుకుని మళ్లీ చల్లుకోవచ్చా అన్నది విత్తనం ఊళ్లోకి రాకముందే కాగితం మీద తేలాలి. ఇక ఉద్దానం సంగతి వేరే: ఒక జన్యువు ఆపితే మొక్క ఓర్పు పెరుగుతుందేమో గానీ నేలలో చేరిన ఉప్పు పోదు. దాన్ని కడగడానికి మంచినీరు, మురుగు కాలువ కావాలి. పూసా రకాన్ని రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రం తీరపు మడుల్లోనే, కాటన్‌దొర సన్నాల పక్కన, రెండు మూడు ఖరీఫ్‌లు పెట్టి చూసి ఆ తాలు లెక్క రైతుల ముందు పెట్టాలి.